"నాకు" చుట్టూ ఎర్ర సున్నా: తెలుగు పేపర్ తయారుచేసేవారికి, దిద్దేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యప్రణాళిక సంఘం సభ్యులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే సార్లకు, మేడమ్‌లకు, జవాబు పత్రాలు దిద్దేవారికి,

నమస్కారం. నేను తిరుపతిలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది బంగారుపాళెం దగ్గర ఒక పల్లె. కాలేజీ పేరు రాయడం లేదు, నవల పేరూ రాయడం లేదు. మీకు రెండూ తెలుసు. తెలియనివాళ్ళకు ఆ పేర్లతో పనిలేదు. రచయిత మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెప్పేస్తున్నాను. మీలో పాఠం బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు, అదీ నిజమే. ఇక విషయానికి వస్తాను.

మూడో సెమిస్టర్ తెలుగు పేపర్లో ఈమధ్య వచ్చిన ఒక హాస్య నవల పెట్టారు. దాని మీద 15 మార్కుల ప్రశ్న వచ్చింది: "పాఠ్య నవలలోని హాస్యాన్ని సోదాహరణంగా నిరూపించండి." నేను ఐదు పేజీలు రాశాను. 3 మార్కులు వేశారు. మొత్తం పేపర్లో 75కి 28 వచ్చాయి. 30 వస్తే పాస్.

500 రూపాయలు కట్టి నా జవాబు పత్రం చూసుకున్నాను. పరీక్షల విభాగంలో ఒక మూల కూర్చోబెట్టి పది నిమిషాలు చూడనిచ్చారు. ఎక్కడా "తప్పు" అని రాయలేదు. ఇంటూ మార్కు లేదు. కానీ నేను "నాకు" అని రాసిన చోటల్లా ఆ మాట చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది. పదకొండు సున్నాలు లెక్కపెట్టాను. ఆఖరిది "నాకు అర్థం కాలేదు" అన్న చోట. అక్కడ రెండుసార్లు చుట్టారు.

డిపార్ట్‌మెంట్‌లో అడిగితే "చూద్దాంలే అమ్మా" అన్నారు. రాసి ఇచ్చాను. ఆ తర్వాత పరీక్షల విభాగంలో ఇంకో అర్జీ ఇచ్చి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకున్నాను. మూడు నెలలైంది. రెండింటికీ జవాబు రాలేదు. అందుకే ఈ లేఖ అందరూ చదివేలా రాస్తున్నాను.

నాకు (ఇది పన్నెండోది, కావాలంటే చుట్టుకోండి) అర్థం కానిది ఏమిటో ముందు చెప్పాలి.

నవల చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. తోతాపురి మామిడి రైతు ఒకాయన ట్రాక్టర్ నిండా కాయలు వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీకి పోతాడు. ఫ్యాక్టరీ ముందు రెండు కిలోమీటర్ల క్యూ. రోజులు గడిచిపోతుంటాయి. ఆయన గడ్డం, స్నానం, భోజనం, పక్క ట్రాక్టర్ ఆయనతో తగువు, రాజీ, మళ్ళీ తగువు, అన్నీ క్యూలోనే. నాలుగో రోజు ఆయన కూతురికి తాంబూలాలు మార్చుకోవాలి. ఇంటికి పోతే క్యూలో చోటు పోతుంది. అందుకని మగపెళ్ళివాళ్ళే క్యూ దగ్గరికి వస్తారు. ట్రాక్టర్ బానెట్ మీద పళ్ళెం పెట్టి, అయ్యవారు మంత్రం ఎత్తుకోగానే ముందు బండి కదులుతుంది. వీళ్ళూ కదలాలి, లేకపోతే వెనకవాడు దూరతాడు. పళ్ళెం పట్టుకుని ఆయన, ఆయన వెనక వియ్యంకుడు, ఆ వెనక అయ్యవారు, అందరూ ట్రాక్టర్ పక్కన నడుస్తూనే తాంబూలాలు మార్చుకుంటారు. "కదిలింది, కదిలింది, శుభం" అంటాడు వియ్యంకుడు. తీరా చూస్తే క్యూ కదల్లేదు, ముందున్న బండి పంక్చర్ వేయించుకోవడానికి పక్కకు తీశారంతే.

క్లాసులో మేడమ్ ఈ పేజీ చదువుతుంటే అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఒక పది సెకన్ల తర్వాత నా నవ్వు ఆగిపోయింది.

2025 జూన్‌లో మా నాయన మూడు రాత్రులు అలాంటి క్యూలోనే ఉన్నాడు. ఆ ఏడాది కిలోకు 12 రూపాయలు అని ప్రకటించారు, ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 ఇస్తుంది. ఆ 8 చేతికి వస్తుందన్న ఆశ మీదే అన్ని బండ్లూ రోడ్డెక్కాయి. సెలవులు కదా, రెండో రోజు మధ్యాహ్నం నేనే క్యారియర్ పట్టుకుని పోయాను. సంగటి, ఊరిబిండి. హైవే పక్కన ట్రాక్టర్ కింద గోనెపట్ట వేసుకుని నాయన పడుకుని ఉన్నాడు. ట్రాలీ చెక్కల సందుల్లోంచి రసం బొట్లు బొట్లుగా కారి ఆయన చొక్కా భుజం మీద పడుతోంది. పక్కకు జరగొచ్చు కదా నాయనా అంటే, "ఎండ పాపా, నీడ ఈ మాత్రమే ఉండేది" అన్నాడు. ఈగలు ఎంతగా ముసిరాయంటే, క్యారియర్ మూత తీయడానికి ఇద్దరం టవల్ అడ్డం పట్టుకోవాల్సి వచ్చింది. నాయన ఒక ముద్ద తిని, పక్క ట్రాక్టర్ ఆయన్ని పిలిచి, "మామా, పాప సంగటి తెచ్చింది రా, కాయల వాసన లేకుండా ఒక ముద్ద తిందువు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

ఎందుకు నవ్వారో నాకు అప్పుడూ తెలియలేదు. నవల అంతకు ముందే అచ్చయిందట, అంటే రచయిత మా నాయన్ని చూసి రాసింది కాదు. అయినా ఆఖరి అధ్యాయంలో ఆ రైతు, కాయలన్నీ రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ ట్రాలీలో కూర్చుని ఒక్కడే నవ్వుతాడు. అక్కడితో నవల అయిపోతుంది. ఎందుకు నవ్వాడో రచయిత చెప్పడు.

నేను పరీక్షలో రాసింది ఇదే. తాంబూలాల దగ్గర నాకు నవ్వు వచ్చిందని, తర్వాత ఆగిపోయిందని, మళ్ళీ చదివితే మళ్ళీ వచ్చిందని, అందుకు నా మీద నాకే కోపం వచ్చిందని రాశాను. ఆ పేజీలో ఏ వాక్యం దగ్గర నవ్వు వచ్చిందో చెప్పాను, "శుభం" అన్న మాట దగ్గర. ఆఖరి నవ్వు మాత్రం అర్థం కాలేదు, అది ఓడిపోయినవాడి నవ్వో, పిచ్చి నవ్వో, ఎవరి మీదనో తేల్చుకోలేకపోయాను అని రాశాను. తప్పయితే ఒప్పుకుంటాను. కానీ "నిరూపించండి" అన్నారు కదా, హాస్యం నా మీద ఎలా పనిచేసిందో చెప్పడం కంటే వేరే నిరూపణ ఏముంటుంది?

ఉందట. గైడులో ఉంది. "ఈ నవలలో హాస్యం నాలుగు విధాలు: సంఘటనాత్మక హాస్యం, సంభాషణాత్మక హాస్యం, పాత్రగత హాస్యం, భాషాగత హాస్యం." ఒక్కోదానికి రెండు ఉదాహరణలు. మధ్యలో "భరతుడు హాస్యాన్ని ఆరు విధాలుగా చెప్పాడు" అని ఆరు పేర్లు. మా హాస్టల్లో ఇది బట్టీపట్టి రాసిన అమ్మాయికి 12 వచ్చాయి. నవల అట్ట ఏ రంగులో ఉంటుందో కూడా ఆమెకు తెలియదు. నాకు ఆమె మీద ఈర్ష్య లేదు. కొంచెం ఉంది, సరే.

నాట్యశాస్త్రంలో భరతముని చెప్పిన ఆ ఆరు పేర్లు స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. గైడులో పేర్లే తప్ప వివరం లేదు. సంస్కృతం చదివే స్నేహితురాలిని అడిగాను. స్మితమంటే పళ్ళు కనబడని చిరునవ్వు. అక్కడి నుంచి ఒక్కో మెట్టు పెరుగుతుంది. ఐదోది అపహసితం. నవ్వకూడని చోట నవ్వడం, కళ్ళలో నీళ్ళు, భుజాలూ తలా అదిరిపోవడం. ఆమె చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఖాళీ ట్రాలీలో కూర్చున్న రైతు నవ్వు అదే కదా! రచయిత "భుజాలు ఎగిరెగిరి పడ్డాయి" అని కూడా రాశాడు. రెండు వేల ఏళ్ళ నాటి శాస్త్రం, నిన్నగాక మొన్న వచ్చిన నవల ఒకదానికొకటి అతికినట్టు కలిశాయి. పరీక్షకు ముందు ఈ ముక్క ఒక్కరు చెప్పి ఉంటే నా ఆరో పేజీ అదే అయ్యేది.

కానీ ఇంకో సంగతి కూడా ఆమె చెప్పింది. మొదటి రెండు నవ్వులు ఉత్తములవి, నడిమి రెండు మధ్యములవి, చివరి రెండు అధములవి అని శాస్త్రంలో ఉందట. ఇది విన్న దగ్గర్నుంచి ఆ సంగటి ముద్ద దగ్గర మా నాయన నవ్విన నవ్వును ఏ మెట్టు మీద పెట్టాలో తెలియడం లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు లేవు. పళ్ళు కనబడ్డాయి. క్లాసులో అడగాల్సిన ప్రశ్న ఇది. అడిగితే "సిలబస్‌లో లేదు" అంటారేమోనని అడగలేదు.

నవ్వు తేలిక వ్యవహారం కాదని తిరుపతిలో ఉండేవాళ్ళకు ఒకరు చెప్పాలా? మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. ఒకరోజు ఒళ్ళంతా సుద్ద పూసుకుని బైరాగి వేషం, ఒకరోజు కుంకుమతో బండ వేషం, ఒకరోజు బొగ్గుతో తోటి వేషం. వేషం కట్టినవాళ్ళు దారిన పోయేవాళ్ళను నోటికొచ్చినట్టు తిడతారు, తిట్టించుకున్నవాళ్ళు నవ్వుతారు. పోయినసారి మా హాస్టల్ గేటు ముందు ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు తిట్టిన తిట్టుకు మా వార్డెన్ చెవులు మూసుకుని, నవ్వి, దండం పెట్టింది. మూడూ ఒకేసారి. జాతర కథలో గంగమ్మ దొర వేషంలో పాలెగాడిని చంపాక, మాతంగి వేషంలో వాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి పోతుంది. తిట్లూ నవ్వులూ అయ్యాక ఓదార్పు. దీన్ని నాలుగు విధాలుగా విభజించి 15 మార్కులకు రాయమంటే వార్డెన్ దండాన్ని ఏ విభాగంలో వేయాలి?

ఇందువల్ల మామూలు పిల్లలకు జరుగుతున్నది ఏమిటో వరుసగా రాస్తున్నాను.

1. పుస్తకం దొరకదు. మా లైబ్రరీలో రెండు కాపీలున్నాయి, పేపర్ రాసింది నూట ఎనభై మంది. ఒక కాపీ ఎప్పుడూ స్టాఫ్ రూమ్‌లోనే ఉంటుంది. గైడు మాత్రం బస్టాండ్ దగ్గర ఏ షాపులోనైనా 90 రూపాయలకు దొరుకుతుంది. పిల్లలు నవల చదవడం లేదని మీరు బాధపడటం విన్నాను. చదవకపోయినా 12 వస్తాయి, చదివితే 3 వస్తాయి అని తెలిశాక మా జూనియర్లు ఏం చేస్తారో మీరే చెప్పండి.

2. డబ్బు. సప్లిమెంటరీ ఫీజు ఆ ఒక్క పేపర్‌కు 400. జవాబు పత్రం చూసుకోవడానికి పోయిన 500 దీనికి అదనం. ఫోన్లో చెప్తే మా నాయన వెంటనే లెక్క కట్టాడు. "పోయినేడు నా చేతికొచ్చింది కిలోకి 4 రూపాయలు. అంటే 225 కిలోలు పాపా." ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

3. భాష. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి. గైడులో నాలుగో రకం "భాషాగత హాస్యం" కింద ఏముందంటే: "రచయిత చిత్తూరు మాండలికాన్ని హాస్యం కోసం ప్రయోగించాడు." ఉదాహరణలుగా కొన్ని మాటలు ఇచ్చారు: గెనిమ, కయ్య, కసువు, ఉర్లగడ్డ, ఎర్రగడ్డ. అయ్యా, అమ్మా, గెనిమ అంటే పొలం గట్టు. కసువు అంటే చెత్త. మా అవ్వ పొద్దున లేస్తూనే కసువూడుస్తుంది, అందులో జోకేమీ లేదు. నవల మొత్తంలో ఆ రైతు తన భాష మాట్లాడి ఎవరినీ నవ్వించాలని చూడలేదు, ఆయనకు వచ్చింది ఆ భాషే. మా క్లాసులో కోస్తా నుంచి వచ్చిన అబ్బాయి "ఆమె ఎర్రగడ్డ తరుక్కుంటా ఏడ్చింది" అన్న వాక్యం చదివి, ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లో మెంటల్ హాస్పిటల్ ఉన్న చోటే కదా, అక్కడికి ఎందుకు పోయింది అని అడిగాడు. క్లాసంతా పడీపడీ నవ్వింది, వాడూ నవ్వాడు. అది భాషాగత హాస్యం అంటే ఒప్పుకుంటాను. ఆ నవ్వు మాట తెలియకపోవడంలోంచి వచ్చింది, ఉల్లిపాయను ఎర్రగడ్డ అనడంలోంచి కాదు. గైడు ఈ రెండింటినీ ఒకటి చేసింది. "హాస్యం కోసం" అని మా అవ్వ మాటల్ని నా చేతే రాయిస్తే 15కి 12 ఇస్తారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారి పుట్టినరోజని ఆగస్టు 29న సభ పెట్టి మాకు వక్తృత్వ పోటీ పెట్టింది కూడా మీరే.

4. నోరు. మా క్లాసులో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు సగం మంది పైనే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. "నాకు అర్థం కాలేదు" అనడానికి మాకు మామూలుగానే భయం. ఒకసారి ధైర్యం చేసి పేపర్లో రాస్తే సున్నా చుట్టారు.

ఇక మా కోరికలు. మా అని ఎందుకు అంటున్నానంటే, రెండో అర్జీ మీద నాతో పాటు ఇరవై ఆరు మంది సంతకాలు పెట్టారు. అందులో 12 వచ్చిన అమ్మాయి కూడా ఉంది.

1. నా జవాబు పత్రాన్ని ఆ పేపర్ దిద్దనివారితో ఇంకోసారి దిద్దించండి. మార్కుల కోసం కాదు అని గొప్పలు పోను. మార్కులూ కావాలి. ఈసారి కూడా 3 వేస్తే వేయండి, కానీ ఎందుకు 3 అన్నది రెండు వాక్యాల్లో రాసి ఇవ్వండి. సున్నాలు కాకుండా.

2. వచ్చే సెమిస్టర్ నుంచి నవల మీద ఒక్క ప్రశ్న అయినా గైడు చూసి రాయలేనిది ఇవ్వండి. మచ్చుకు: "నవలలో మీకు అర్థం కాని ఒక చోటు తీసుకుని, ఎందుకు అర్థం కాలేదో, ఏమై ఉండవచ్చని మీరు అనుకుంటున్నారో రాయండి." లేదా: "ఏ వాక్యం దగ్గర మీకు నవ్వు వచ్చింది? ఎక్కడ ఆగిపోయింది?" నవల చదవకుండా దీనికి జవాబు రాయడం కష్టం. దిద్దేవారికి కూడా ఒకటే జవాబు నూట ఎనభై సార్లు చదివే శిక్ష తప్పుతుంది.

3. దిద్దేవారికి ఇచ్చే వాల్యుయేషన్ స్కీమ్‌లో "విద్యార్థి సొంత స్పందనకు, పాఠంలోంచి ఆధారం చూపితే, మార్కులు ఇవ్వాలి" అని ఒక వాక్యం చేర్చండి. ఆధారం చూపకుండా ఊరికే నాకు నచ్చింది, నచ్చలేదు అంటే కోసేయండి, అభ్యంతరం లేదు.

4. పాఠ్య నవల కాపీలు పది మందికి ఒకటైనా లైబ్రరీలో పెట్టండి. బడ్జెట్ లేకపోతే ఆ నవల సిలబస్‌లో పెట్టకండి.

5. నవల చివర పదాల పట్టిక ఒకటి మేమే తయారుచేస్తాం. గంగాధర నెల్లూరు వాళ్ళున్నారు, పలమనేరు వాళ్ళున్నారు, పుంగనూరు వాళ్ళున్నారు. ఒకే మాటకు మూడు అర్థాలు చెప్పుకుని కొట్టుకోవడం ఇప్పటికే మొదలైంది. మీరు చూసి దిద్దితే చాలు. "హాస్యం కోసం" అన్న వాక్యాన్ని మాత్రం క్లాసు నోట్సులో నుంచి తీసేయండి. గైడు ప్రైవేటుది, మా చేతిలో లేదన్నారు. నోట్సు మీ చేతిలోదే.

సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరి తేదీ ఈ నెల 25. ఆలోపు మొదటి కోరికకు రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే 26న ఉదయం డిపార్ట్‌మెంట్ ముందు వరండాలో కూర్చుని ఆ నవలను మొదటి పేజీ నుంచి బయటికి చదువుతాం. నినాదాలు ఉండవు. వినాలనుకునేవాళ్ళు రావచ్చు, మీరు కూడా.

ఇట్లు,
బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని,
తిరుపతి

తా.క. పోయిన ఆదివారం ఇంటికి పోయినప్పుడు తాంబూలాల పేజీ మా నాయనకు చదివి వినిపించాను. బానెట్ మీద పళ్ళెం పెట్టినప్పుడు నవ్వలేదు. అందరూ నడుస్తున్నప్పుడు నవ్వలేదు. "శుభం" దగ్గర కూడా నవ్వలేదు. పక్కకు తీసిన బండి పంక్చర్ వేయించుకుని తిరిగి వచ్చి, "నా చోటు నాకీండి" అని అడిగే చోట, అదీ క్లాసులో ఒక్కరం కూడా పట్టించుకోని చోట, దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఎందుకు నాయనా అంటే, "నీకు తెలీదులే పాపా, చదువు" అన్నాడు.